140, 185: ఒకే భోజనానికి రెండు ధరలు ఎందుకు?

సంపాదకులు గారికి,

నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఉత్తరాల పేజీలో వైట్‌ఫీల్డ్ నుంచి ఒక పాఠకుడు రాసింది చదివాను. బెంగళూరులో ఆంధ్రా మెస్సుల వాళ్ళు జనాన్ని మోసం చేస్తున్నారని, హోటల్లో 140 రూపాయలకు పెట్టే భోజనాన్నే డెలివరీ యాప్‌లో 185కి అమ్ముతున్నారని, పైగా పార్సిల్‌లో అన్నం తూకం వేసినట్టు పెడుతున్నారని ఆయన బాధపడ్డారు. హోటల్ పేరు రాయలేదు. కానీ ఆ రెండు ధరలూ మా హోటల్‌వే. చుట్టుపక్కల ఇవే ధరలు పెట్టినవాళ్ళు ఇంకెవరైనా ఉండొచ్చు. నేను మాత్రం ఆ ఉత్తరం నాకే వచ్చినట్టు చదువుకున్నాను. రెండు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళుగా వండి వడ్డిస్తూ వచ్చాం, ఇప్పుడు మోసం అనే మాట వింటే మనసుకు చాలా కష్టంగా ఉంది. ఆయన అడిగినదానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత కూడా మాకుంది. అందుకే లెక్కంతా రాస్తున్నాను. దయచేసి కత్తిరించకుండా వేయండి.

మాది కనిగిరి దగ్గర పల్లె. ఒంగోలులో బీకాం చదివాను. 2009లో మా ఆయన, మా మరిది, నేను కలిసి మారతహళ్ళిలో ఈ భోజన హోటల్ పెట్టాం. 44 కుర్చీలు, అరిటాకు, కందిపొడి, నెయ్యి, పప్పు, ఒక వేపుడు, ఒక కూర, సాంబారు, రసం, పెరుగు, అప్పడం, ఊరగాయ. కందిపొడిని ఈ ఊళ్ళో అందరూ గన్‌పౌడర్ అంటారు, మేమూ బోర్డు మీద అలాగే రాశాం. తినేవాళ్ళలో సగం మంది పీజీ హాస్టళ్ళలో ఉండే మన పిల్లలు. కర్నూలు, కడప, తిరుపతి, విజయవాడ, శ్రీకాకుళం, అన్ని చోట్ల వాళ్ళూ ఉన్నారు. అక్కా అని పిలిచినవాళ్ళు ఇప్పుడు తమ పిల్లల్ని తీసుకొచ్చి, ఆంటీకి నమస్కారం పెట్టు అంటున్నారు.

హోటల్ లెక్కలన్నీ నేనే రాస్తాను. మొదటి రోజు నుంచీ లాంగ్ నోట్‌బుక్కులో చేత్తో రాసుకోవడమే అలవాటు. అందులోంచి ఒక భోజనం లెక్క చెబుతాను. మా వ్యాపారంలో దీన్ని ప్లేటు లెక్క అంటాం.

హోటల్లో కూర్చుని తిన్నవారు ఇచ్చే 140లోనే జీఎస్టీ కలిసి ఉంది. 5 శాతం తీసేస్తే మాకు దక్కేది 133 రూపాయలు. అందులో సరుకులకే 58 పోతుంది. బియ్యం 11, పప్పుకు, సాంబారుకు కందిపప్పు 9, కూరగాయలు 13, నూనె 7, పెరుగు 7, నెయ్యి, పొడి, ఊరగాయ కలిపి 6, ఆకు, అప్పడం 5. పార్సిళ్ళతో కలిపి రోజుకు సగటున 260 భోజనాలు పోతాయి. తొమ్మిది మంది పనివాళ్ళ జీతాలు, వాళ్ళ రూము అద్దె కలిపి నెలకు లక్షా ఎనభై వేలు, అంటే భోజనానికి 23. హోటల్ అద్దె నెలకు 95 వేలు, భోజనానికి 12. గ్యాస్ 9. కరెంటు, నీళ్ళ ట్యాంకర్ 5. చెత్త తీసుకెళ్ళేవాళ్ళు, లైసెన్సులు, మిక్సీ, గ్రైండర్ రిపేర్లు కలిపి 4. మొత్తం 111. మిగిలేది 22 రూపాయలు. ఆ 22 మీదే రెండు కుటుంబాలు బతుకుతున్నాయి, బ్యాంకు అప్పు తీరుతోంది.

ఈ 22 ఎప్పుడూ ఒక్కలా ఉండదు. 2023 జులైలో టమోటా ధర ఎక్కడికి పోయిందో అందరికీ గుర్తుండే ఉంటుంది. పక్కనే కోలారు, అటు మదనపల్లె, అంత పెద్ద టమోటా మార్కెట్ల మధ్య ఉండి కూడా మేం కొనలేకపోయాం. టమోటా పప్పు ఆపేసి దోసకాయ పప్పు, గోంగూర పప్పు, పాలకూర పప్పు తిప్పి తిప్పి వండాం. మరుసటి ఏడాది మొదట్లో వెల్లుల్లి కిలో 400కి పోయింది. 2024 సెప్టెంబరులో ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకం 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెరిగింది, ఆ నెలలోనే నూనె డబ్బా ధర మారిపోయింది. 2025 ఏప్రిల్ 1న కర్ణాటక సహకార డెయిరీ వాళ్ళ నందిని పాలు లీటరుకు 4 రూపాయలు పెరిగాయి. మేం పెరుగు సొంతంగా తోడేస్తాం, ఒక్కో భోజనానికి 120 మిల్లీలీటర్ల పాలు పడతాయి. భోజనానికి అర్ధ రూపాయి కూడా కాదు కదా అనిపిస్తుంది. నెలకు లెక్కేస్తే 3,700 రూపాయలు. అలా అని పాలు పెరిగిన రోజునే భోజనం ధర పెంచలేం. నెలాఖరులో పీజీ పిల్లాడికి పది రూపాయలు కూడా పెద్ద మొత్తమే, అది నాకు తెలుసు.

ఇంకో సంగతి. చాలామంది దీని గురించి విని ఉండరు. హోటల్ బిల్లులో కనిపించే 5 శాతం జీఎస్టీని చూసి, అదొక్కటే మేం కట్టే పన్ను అనుకుంటారు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు హోటళ్ళకు 12 శాతం, ఏసీ ఉంటే 18 శాతం ఉండేది. అప్పుడు మేం కొన్న వస్తువుల మీద కట్టిన పన్నును అందులోంచి తగ్గించుకునే వీలుండేది. ఆ ఏడాది నవంబర్ 15 నుంచి మాలాంటి హోటళ్ళకు, ఏసీ ఉన్నా లేకున్నా, 5 శాతం చేశారు. తినేవాళ్ళకు మంచిదే. కానీ దాంతోపాటు ఆ తగ్గించుకునే వీలు తీసేశారు. కాబట్టి 19 కిలోల కమర్షియల్ సిలిండర్ మీద 18 శాతం కడితే అది మా ఖర్చే. యాప్‌కు ఇచ్చే కమీషన్ మీద 18 శాతం కడితే అదీ మా ఖర్చే. ఎక్కడా తిరిగి రాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి నెయ్యి మీద జీఎస్టీ 12 నుంచి 5కి తగ్గినప్పుడు నేను నిజంగా సంతోషించాను, మాలాంటి వాళ్ళకు అది నేరుగా మిగిలే డబ్బు. గ్యాస్ మాత్రం 18 దగ్గరే ఉంది.

పన్నుల దగ్గర ఆగకుండా, అడిగినంత వడ్డించే అన్‌లిమిటెడ్ సంగతికి వస్తాను. పార్సిల్‌లో అన్నం తూకం వేసినట్టు ఉందన్న ఆ పాఠకుడి మాటకు జవాబు ఇందులోనే ఉంది. కొందరు హోటల్ సలహాదారులు మాకు చెప్పిన మొదటి మాట, అన్‌లిమిటెడ్ తీసేయండి, ప్లేట్ మీల్స్ పెట్టండి అని. నేను ఒప్పుకోలేదు. రెండోసారి అన్నం, సాంబారు, రసం వడ్డిస్తే మాకయ్యే ఖర్చు 8 రూపాయలు. అందరూ రెండోసారి అడగరు. ఆ 8 రూపాయల వల్ల హోటల్ మునిగిపోదు. ఖాళీగా ఉన్న కుర్చీ వల్ల మునిగిపోతుంది. ఈ రోడ్డులో కంపెనీలన్నీ ఇప్పుడు వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మంటున్నాయి. మంగళ, బుధ, గురువారాల్లో మధ్యాహ్నమే 200 ఆకులు లేస్తాయి. సోమ, శుక్రవారాల్లో 120 దాటడం కష్టం. అద్దె మాత్రం ఏడు రోజులకూ ఒకటే. మొదట్లో ఇది అర్థం కాక రోజూ ఒకే కొలత వండి, శుక్రవారం రాత్రి గిన్నెలకు గిన్నెలు అన్నం పారబోశాం. అన్నం పారబోయడం నాకు ప్రాణం పోయినట్టు ఉంటుంది. అప్పటి నుంచి మిగిలిన అన్నం, ఆకుల్లో వదిలేసిన అన్నం విడివిడిగా తూచి రాయడం మొదలుపెట్టాను. నెల రోజుల్లో రెండు విషయాలు తెలిశాయి. ఒకటి, వండే కొలత వారం రోజును బట్టి మారాలి. రెండు, ఆకులో వదిలేసేది ఎక్కువగా మొదటి వడ్డనలోదే. అన్నం వడ్డించే పెద్ద హస్తంతో ఒకేసారి గుట్టగా వేస్తే సగం మంది తినలేక వదిలేస్తారు. హస్తం మార్చి, మొదట కొంచెం వేసి, మళ్ళీ మళ్ళీ అడగమని సర్వర్లకు చెప్పాం. అడిగి వడ్డిస్తే తినేవాళ్ళకూ మనసు నిండుతుంది, మాకూ బియ్యం మిగిలింది. అందుకే మా హోటల్లో అన్‌లిమిటెడ్ ఈ రోజుకూ ఉంది. కానీ అది కూర్చుని తినేవాళ్ళకే కుదురుతుంది. డబ్బాలో కట్టి పంపాక రెండో వడ్డన ఎలా ఇస్తాం?

ఇప్పుడు యాప్ గురించి.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పీజీలన్నీ ఖాళీ అయినప్పుడు, కూర్చోబెట్టి వడ్డించడానికి అనుమతి లేనప్పుడు, మా పొయ్యి ఆరకుండా చూసింది యాప్‌లో వచ్చిన ఆర్డర్లే. అప్పుడు వానలో తడుస్తూ వచ్చిన డెలివరీ పిల్లల్ని నేను మరచిపోలేదు. ఇప్పటికీ ఎవరొచ్చినా ఒక గ్లాసు మజ్జిగ ఇస్తాం. కాబట్టి యాప్‌లు ఉండకూడదని నేను అనను. ఆ వ్యాపారానికీ ఖర్చులు ఉంటాయి, కమీషన్ తీసుకోవాల్సిందే.

కష్టం తర్వాత వచ్చింది. రెండేళ్ళ కిందట ఒక యాప్ నుంచి మేనేజర్ ఫోన్ చేసి, ఆఫర్ పెట్టకపోతే లిస్టులో మీ హోటల్ కిందికి పోతుంది సార్ అన్నారు. మా ఆయన సరే అన్నారు. 20 శాతం డిస్కౌంట్, కాస్త ప్రకటన ఖర్చు. అప్పుడు హోటల్లోనూ యాప్‌లోనూ ఒకే ధర, 140. ఆర్డర్లు రోజుకు 15 నుంచి 45కి పెరిగాయి. మేం పొంగిపోయి పార్సిళ్ళు కట్టడానికి ఇద్దరిని పెట్టుకున్నాం, ఇద్దరికీ కలిపి 36 వేల జీతం. వారానికోసారి బ్యాంకులో డబ్బు పడుతోంది, ఫోన్‌లో గ్రాఫు పైకి పోతోంది. ఏడు నెలలు అలా నడిచింది. నోట్‌బుక్కులో నేను వారం మొత్తం ఒక్క అంకెగా రాసుకుంటూ పోయాను, విడదీసి చూడలేదు. అది నా తప్పే. ఏడో నెలలో బియ్యం బస్తాలకు డబ్బు తక్కువ పడి, ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ఒక్క ఆర్డరును విప్పి చూశాను.

140లో ఆఫర్ 28 పోతే 112. దాని మీద 22 శాతం కమీషన్ 24 రూపాయల 64 పైసలు. ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ 4 రూపాయల 44 పైసలు. మిగిలింది దాదాపు 83. ప్రకటనకు ఆర్డరుకు 8. చేతికి 75. డబ్బాలు, మూతలు, కవరు 14. పార్సిల్‌లో సరుకు 50. గ్యాస్ 9. అన్నీ పోగా మిగిలింది 2 రూపాయలు. నెలకు 1,350 ఆర్డర్లకు 2,700 రూపాయలు. ఆ ఆర్డర్ల కోసమే పెట్టుకున్న ఇద్దరి జీతం 36 వేలు. అంటే నెలకు 33 వేల పైచిలుకు నష్టం, అద్దె, కరెంటు ఇంకా ఈ లెక్కలోకి రానే లేదు. ఏడు నెలల్లో 2 లక్షల 30 వేలు పోయాయి. మా అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు కోసం దాచిన డబ్బు అది. ఆ కాగితం ముందు పెట్టుకుని మా ఆయన, నేను చాలాసేపు మాట్లాడుకోలేదు. ఎక్కువ అమ్మితే ఎక్కువ మిగులుతుందని అనుకున్నాం. ప్రతి పార్సిల్‌కూ మేమే ఎదురు డబ్బిచ్చి పంపుతున్నామని తెలియలేదు.

మరునాడు ఆఫర్ తీసేశాం. ఆ తర్వాత యాప్‌లో ధర ఎంత పెడితే హోటల్లో మిగిలేంత మిగులుతుందో లెక్క వేశాను. 185 వచ్చింది. 185లో కమీషన్, దాని మీద జీఎస్టీ కలిపి 48 పోతుంది, మిగిలేది 137. డబ్బాలకు 14 పోతే 123. సరుకు 50, మిగతా ఖర్చులన్నీ 53. మిగిలేది 20 రూపాయలు. హోటల్లో 22, యాప్‌లో 20. ఆ పాఠకుడు మోసం అన్న తేడా 45 రూపాయల్లో మాకు అదనంగా వచ్చింది ఒక్క పైసా లేదు, రెండు రూపాయలు తక్కువే. ఆయన కట్టింది మాత్రం 185 కాదు. దాని మీద 5 శాతం జీఎస్టీ 9 రూపాయల పావలా, అది 2022 జనవరి 1 నుంచి యాప్‌లే వసూలు చేసి ప్రభుత్వానికి కడతాయి. ఆపైన డెలివరీ ఛార్జీ, ప్లాట్‌ఫామ్ ఫీజు. మొత్తం 240 దాకా అవుతుంది. అందులో మా వంటగదికి చేరేది 137.

ఈ కమీషన్లు, డిస్కౌంట్ల మీద ఫిర్యాదు మా ఒక్కరిది కాదు. దేశంలోని రెస్టారెంట్ల సంఘం ఫిర్యాదు చేస్తే, వ్యాపారాల్లో పోటీ న్యాయంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 2022 ఏప్రిల్‌లోనే రెండు పెద్ద డెలివరీ యాప్‌ల మీద విచారణకు ఆదేశించింది. పెద్దవాళ్ళ పోరాటం వాళ్ళు చేస్తారు. నాలాంటి దానికి అర్థమైంది చిన్న సంగతి. తినే మనిషికి, వండే మనిషికి మధ్య లెక్క కనపడకుండా పోయింది.

దానికి ఒక ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే ఇది నన్ను బాగా కదిలించింది. నాలుగు నెలల పాటు రోజూ మధ్యాహ్నం ఒక ఆర్డర్ వచ్చేది. కింద ఒక గమనిక ఉండేది, "పప్పులో కారం తక్కువ, అమ్మకు". మేం వేరే గిన్నెలో కొంచెం పప్పు తీసి, పోపులో ఎండుమిర్చి లేకుండా కట్టేవాళ్ళం. ఎవరో తెలియదు. యాప్‌లో మాకు ఫోన్ నంబరు కనపడేది కాదు. ఒక రోజు ఒకబ్బాయి హోటల్‌కు వచ్చి, "అక్కా, రోజూ అమ్మకు కారం తగ్గించి పంపేది మీరేనా? అమ్మకు ఆపరేషన్ అయింది, మీ పప్పన్నమే తిని కోలుకుంది" అన్నాడు. ఎక్కడుంటావు బాబూ అంటే మా వెనక వీధి చూపించాడు. నాలుగు వందల మీటర్లు కూడా ఉండదు. రోజుకు 240 రూపాయల చొప్పున నాలుగు నెలలు కట్టాడు. ఇల్లు తెలిసి ఉంటే స్టీలు క్యారియర్‌లో వేడివేడిగా మేమే పంపేవాళ్ళం. ఆ పిల్లాడికి చిన్న జీతం. ఆ రోజు రాత్రి నాకు అన్నం సహించలేదు.

అప్పటి నుంచి రెండు పనులు మొదలుపెట్టాం. ఒకటి, ఒకటిన్నర కిలోమీటరు లోపల ఉన్నవాళ్ళు నేరుగా ఫోన్ చేస్తే స్టీలు క్యారియర్‌లో పంపడం. 140, పైన తెచ్చినందుకు 20. మరునాడు క్యారియర్ వెనక్కి ఇస్తారు కాబట్టి డబ్బాల ఖర్చు లేదు, ప్లాస్టిక్ లేదు. ఇప్పుడు రోజూ 38 క్యారియర్లు వెళ్తున్నాయి. రెండోది, పాతకాలపు మెస్సుల్లో ఉండే నెల కార్డు. 26 భోజనాలకు 3,380 ముందుగా కడితే భోజనం 130 పడుతుంది. పది రూపాయలు తగ్గించి ఎలా ఇస్తున్నారని అడుగుతారు. ఎంతమంది వస్తారో ముందే తెలిస్తే అన్నం మిగలదు. ముందు వచ్చిన డబ్బుతో యశ్వంతపుర మార్కెట్ యార్డులో సోనామసూరి, కందిపప్పు నగదు ఇచ్చి కొంటాను, అరువు ధరకూ నగదు ధరకూ తేడా ఉంటుంది. ఆ రెండింటిలో మిగిలిందే తినేవాళ్ళకు తిరిగి ఇస్తున్నాం.

ఇంకొకటి కూడా చేశాం. ఈ ఊళ్ళో పాతవాళ్ళు ఎంటీఆర్ (మావళ్ళి టిఫిన్ రూమ్స్) హోటల్ గురించి ఒక సంగతి చెబుతారు. ఎమర్జెన్సీ రోజుల్లో హోటళ్ళు ధరలు తగ్గించాలని ప్రభుత్వం ఆదేశిస్తే, వాళ్ళు రుచి, నాణ్యత తగ్గించకుండా ఆ తగ్గించిన ధరకే పెట్టి, ఏ రోజు ఎంత నష్టం వచ్చిందో బయట బోర్డు మీద రాశారట. చివరికి హోటల్ మూసి, పొడులు, రెడీమిక్స్‌ల వైపు వెళ్ళారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యం దొరక్కపోతే రవ్వ ఇడ్లీ చేసింది కూడా వాళ్ళే అంటారు. నష్టాన్ని దాచుకోకుండా బోర్డు మీద రాశారే, ఆ ధైర్యం నా మనసులో నిలిచిపోయింది. మీ పత్రికలో ఆ ఉత్తరం వచ్చిన మూడో రోజున మా హోటల్లో కౌంటర్ పక్కన ఒక నల్లబోర్డు పెట్టించాను. పైన రాసిన ప్లేటు లెక్క మొత్తం, 58 నుంచి 22 దాకా, తెలుగులో, కన్నడలో రాశాం. పక్కన యాప్ ధర లెక్క.

మా మరిదికి ఇష్టం లేదు. మిగులు ఎంతో చూపిస్తే బేరాలాడతారు వదినా అన్నాడు. ఇంతవరకూ ఎవరూ బేరం ఆడలేదు. చేయి కడుక్కుని వచ్చి నిలబడి చదువుతారు. ఒక కన్నడ పెద్దాయన గ్యాస్ అంకె దగ్గర వేలు పెట్టి, ఇంత అవుతుందా అమ్మా అని అడిగారు. ఒకమ్మాయి ఫొటో తీసుకుని, మా పీజీ గ్రూపులో పెడతాను అంది. ఆ వారం నెల కార్డులు 11 కొత్తవి తీసుకున్నారు.

అందుకే ఈ ఉత్తరం ద్వారా డెలివరీ యాప్‌లను నేను అడిగేది ఒక్కటే. తినేవాళ్ళ ఫోన్‌లో బిల్లు చూపించేటప్పుడు చివర ఒక్క వరుస చేర్చండి, ఈ మొత్తంలో హోటల్‌కు చేరేది ఇంత అని. మీ కమీషన్ తగ్గించమని నేను ఈ ఉత్తరంలో అడగడం లేదు. ఆ అంకె మీ దగ్గర ఎలాగూ ఉంది, వారం వారం మాకు పంపుతూనే ఉన్నారు. దాన్ని తినేవాళ్ళకు కూడా చూపించండి. అప్పుడు ఎవరు ఎక్కువ తీసుకుంటున్నారో, ఆ తీసుకునేది వాళ్ళు చేసిన పనికి తగినదో కాదో జనమే చూసుకుంటారు. అలాగే హోటల్ యజమాని ఆఫర్‌కు ఒప్పుకునే ముందు, ఈ ఆఫర్ తర్వాత ఒక్కో ఆర్డరుకు మీ చేతికి వచ్చేది ఇంత అని అదే స్క్రీన్ మీద రాయండి. మా ఆయన ఆ రోజు 75 అనే అంకె చూసి ఉంటే, సరే అని నొక్కి ఉండేవారు కాదు.

తోటి మెస్సుల వాళ్ళకు కూడా ఒక మాట. మా వీధిలో గత ఏడాది మూడు కొత్త మెస్సులు తెరిచారు, రెండు మూసేశారు. మూసేసిన ఒకాయన కర్నూలు వైపు వాడు, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, భార్య నగలు తాకట్టు పెట్టి అడ్వాన్సు కట్టాడు. వంట నిజంగా బాగుండేది, ఆయన చేసిన ఉలవచారు నేనే రెండుసార్లు తెప్పించుకుని తిన్నాను. పక్క హోటల్ 120 అంటే తను 110 పెట్టాడు, యాప్‌లో దాని మీద మళ్ళీ ఆఫర్. ప్లేటుకు ఎంత పడుతుందని అడిగితే, రోజుకు ఇంత వస్తోంది అక్కా అన్నాడు గానీ పోయేది ఎంతో చెప్పలేకపోయాడు. కొత్తగా పెట్టేవాళ్ళు దయచేసి ధర బోర్డు రాయించే ముందు ఒక్క భోజనం లెక్క కాగితం మీద పెట్టండి. బియ్యం నుంచి అప్పడం దాకా తూచి, అద్దెను భోజనాలతో భాగించి రాయండి. 2025 జులైలో యూపీఐ లావాదేవీలు చూసి చిన్న వ్యాపారులకు పన్ను నోటీసులు వచ్చినప్పుడు ఈ ఊళ్ళో ఎన్ని షాపుల ముందు యూపీఐ వద్దు, క్యాష్ మాత్రమే అని బోర్డులు వేలాడాయో చూశాం. చాలామంది తప్పు చేసినవాళ్ళు కాదు, లెక్క రాసుకోనివాళ్ళు. ఎవరికైనా ప్లేటు లెక్క రాయడం రాకపోతే మధ్యాహ్నం మూడున్నర తర్వాత మా హోటల్‌కు రండి, నేను కూర్చోబెట్టి నేర్పిస్తాను. పోటీ అని నేను అనుకోను. ఈ రోడ్డులో ఆకలితో ఉన్నవాళ్ళు మనందరికీ సరిపడా ఉన్నారు.

చివరగా వైట్‌ఫీల్డ్ పాఠకుడికి. అయ్యా, ధర విషయంలో మీరు మమ్మల్ని తప్పుగా అనుకున్నారు, కానీ అది మీ తప్పు కాదు. ఎందుకు రెండు ధరలో మేం ఎక్కడా రాయలేదు. పార్సిల్ గురించి మీరు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. మీ ఉత్తరం చదివాక మా డబ్బాలు నేనే తూచాను. అన్నం 450 గ్రాములు ఉంది, అది ఒక మనిషికి సరిపోతుంది. పెరుగు కప్పు మాత్రం చిన్నది. పాల ధర పెరిగినప్పుడు ఎప్పుడో 80 మిల్లీలీటర్ల కప్పులు తెప్పించి, అలాగే వదిలేశాం. సోమవారం నుంచి 100 మిల్లీలీటర్ల కప్పులు వాడుతున్నాం. డబ్బా మూత మీద అన్నం ఎంత, పెరుగు ఎంత అని ముద్రించిన స్టిక్కర్లు కూడా ఆర్డర్ ఇచ్చాను, ఈ నెలలో వస్తాయి.

వైట్‌ఫీల్డ్ మాకు ఒకటిన్నర కిలోమీటరులో లేదు కాబట్టి క్యారియర్ పంపలేను. ఎప్పుడైనా మారతహళ్ళి వైపు వస్తే కలామందిర్ బస్టాప్‌లో దిగి, ఆంధ్రా భోజనం, కౌంటర్ పక్కన నల్లబోర్డు ఉన్న హోటల్ అని అడగండి. మంగళ, బుధ, గురువారాలు వద్దు, రద్దీలో నిలబడాల్సి వస్తుంది. శుక్రవారం రండి. శుక్రవారాల్లో మామిడికాయ పప్పు చేస్తాం.

ఇట్లు,
ఒక భోజన హోటల్ యజమానురాలు,
మారతహళ్ళి, బెంగళూరు.

(యాప్‌లో ఇంకా మా హోటల్ ఉంది కాబట్టి నా పేరు, హోటల్ పేరు వేయవద్దని మనవి.)